అడుగు నీళ్లలో ఊపిరి

ఆగస్టు 9, ఆదివారం

అన్నయ్యకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమని తలుస్తున్నానని రాయడం మర్యాదే గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అన్నం తింటున్నావా, కాస్తయినా కన్ను మూస్తున్నావా అని మాత్రం అడుగుతున్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ కాగితమే దిక్కయింది.

నువ్వు పంపిన ఆల్చిప్పల సంచులు రెండూ అందాయి. అడుగు తాళ్ల సంచి కంపుకి బస్సు కండక్టరు, ఇంకోసారి ఇలాంటిది ఎక్కిస్తే పంపినవాణ్నే సంచిలో కట్టి తెస్తానన్నాడు. మా ల్యాబు పెద్దాయన కిటికీలన్నీ తెరిపించి, తను బయటికి పోయాడు. నన్ను చిప్పల డాక్టరని వెక్కిరిస్తావు కదా, ఈసారి డాక్టరుకి మిగిలింది పోస్టుమార్టమే.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఎండలు ముదరగానే, నాన్న నేర్పిన పద్ధతిలో, తెప్పల కింద వేలాడే ఆల్చిప్పల తాళ్లని చల్లటి అడుగు నీళ్లలోకి దించావు. జ్వరంతో మూలుగుతున్న వదిన తన వంతు వరుసను దించలేకపోయింది. కొన్నాళ్లకి పైకి లాగి చూస్తే అడుగువన్నీ బిర్రుగా మూసుకుని ఉన్నాయి, వదిన వరుసలోవి నోళ్లు వెళ్లబెట్టి ఉన్నాయి. మూసుకున్నది బతికినట్టు, తెరుచుకున్నది పోయినట్టు అని మన రేవులో అందరూ అనేదే. నువ్వు ఆ వరుస నుంచి ఒక సంచెడు నాకోసం తీసి, మిగతాదంతా కోసేసి, గోతిలో వేసి సున్నం పోసి పూడ్చావు. ఆ వెంటనే అడుగువన్నీ కుళ్లిపోయాయి. రోగం అక్కణ్నుంచే పాకిందని వదినను పదిమందిలో నానా మాటలూ అన్నావు. ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు.

ఏ రోగమని అడిగావు. అడుగు చిప్పల్లో నాకు ఏ రోగమూ కనబడలేదు. వాటికి ఊపిరాడలేదు. పొలాల ఎరువు వాగుల్లో కొట్టుకొచ్చి నాచుని పెంచుతోంది. ఆ నాచు చచ్చి అడుక్కి దిగి కుళ్లేటప్పుడు అక్కడి ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. పైన వేడి నీళ్లు మూతలా పరుచుకుని ఉంటాయి కాబట్టి కొత్త గాలి కిందికి దిగదు. నాన్న రోజుల్లో అడుగు నీళ్లు ఇలా ఉండేవి కావు.

గాలి అందకపోతే ఆల్చిప్ప చేసే మొదటి పని నోరు మూసుకోవడం. గుండె నెమ్మదిస్తుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థాన్ని ఆక్సిజన్ లేకుండానే కొద్దికొద్దిగా వాడుకుంటుంది. అలా వచ్చే బలం తక్కువ, పోగయ్యే ఆమ్లం ఎక్కువ. ఆ ఆమ్లాన్ని విరవడానికి తన చిప్పలోని సున్నాన్నే లోపలినుంచి కరిగించుకుంటుంది. తిండి లేనివాడు ఇంటి గోడలు గీక్కుని తిన్నట్టు. అవి గట్టిగా మూసుకున్నాయని నువ్వు మురిసిపోయిన రోజున లోపల జరుగుతున్నది అదే. బల్ల మీద ఒక్కొక్కటే విప్పుతుంటే లోపలి నునుపంతా పోయి సుద్దలా గరుకుగా తగిలింది. ఇన్నేళ్లుగా ఇదే చదువుతున్నాను, ఇదే రాస్తున్నాను. మన తాళ్లకి పట్టినవి అలా కనబడేసరికి ఏడుపు ఆగలేదు.

వచ్చే ఏటికి విత్తనమైనా మిగల్లేదని రాశావు. నీకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట కూడా లేదు. ఇంకా తెప్పల దగ్గరికి వెళ్లి తాళ్లు లాగి చూస్తున్నావట. అది దింపుడు కళ్లం ఆశ, అన్నయ్యా. మానుకో.

ఒక్కటి మాత్రం నమ్ము. దించినా దించకపోయినా ఈ ఏడు అన్నీ పోయేవే. నీ చేతిలో ఏమీ లేదు. వదిన వరుస సంచి ఇంకా విప్పలేదు, తీరిక దొరకలేదు. అది చూసినా చూడకపోయినా ఒకటే.

వేళకి తిను.

ఇట్లు
నీ చెల్లి

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. వదిన సంచి విప్పలేదన్నది అబద్ధం. నీకు నిద్ర పట్టాలని అలా రాశాను. కానీ పొద్దున వదిన ఫోన్ చేసి, నా జ్వరం వల్లే ఇంత నాశనం జరిగిందా అమ్మాయ్ అని అడిగింది. ఫోన్ పెట్టేశాను. ఆవిడకి నిద్ర ఎలా పడుతుందో నేను ఆలోచించనేలేదు.

ఆ సంచిలోవి వేడికి సోలిపోయాయంతే. తొట్టిలోని చల్లటి సముద్రపు నీళ్లలో వేయగానే తేరుకుని, తట్టగానే టక్కున మూసుకున్నాయి. పైనే ఉన్నాయి కాబట్టి గాలి అందింది. రోగం ఉందేమోనని వెతుకుతూ ఒక్కటీ మిగల్చకుండా నేనే కోశాను. ఏ రోగమూ లేదు. నీకు మిగలాల్సిన విత్తనం ఆ వరుసే.

ఇదే మాట వదినకి కూడా రాసి పోస్టు చేస్తున్నాను. నువ్వు సున్నం పోసేటప్పటికి అవి బతికే ఉన్నాయి, అన్నయ్యా.