కల్వర్టు దగ్గర్నుంచే కనిపించింది

కొత్తపేట,
18 నవంబరు 2025

చి॥ల॥సౌ॥ సత్యదుర్గకు బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. మస్కట్‌లో నువ్వూ శివనాగరాజూ క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే తియ్యడం లేదు గనక ఉత్తరం. మన ఊరి తాతాజీ అక్కడికే వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను.

ఎందుకు తియ్యవో మొన్న శివనాగరాజు చెప్పేడు. ఆ వేళ నువ్వు చేసిన ఫోను వల్లే మీ అక్క కారు చూసుకోలేదని అనుకుంటున్నావట. నాకీ సంగతి ఇంతవరకు తెలియదు. అందుకని కోర్టులో జరిగింది రాస్తున్నాను.

ఆ రోజు, వేసవిలో కోసిన దాళ్వా ధాన్యం మన ఇంటిముందు సగం రోడ్డు మీద ఆరబోసేం, ఊళ్ళో అందరిలాగే. మీ అక్క ఝాన్సీ కాళ్ళతో తిరగేస్తోంది. కారు గుద్దింది. ప్రాణం దక్కలేదు.

ఫోనులో మాట్లాడుతూ హఠాత్తుగా అడ్డం వచ్చిందని ముద్దాయి లాయరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి వాదన. రుజువుకి కంప్యూటరు బొమ్మలతో వీడియో చేయించేరు. డ్రైవరు సీట్లోంచి చూసినట్టుంటుంది.

దాని కథ ఆయన గుమాస్తా టీకొట్టు దగ్గర చెప్పేడు. హైదరాబాదు వాళ్ళు మొదట ఆవిడ తోటలోంచి పరిగెత్తుకొచ్చినట్టు చేసేరట. లాయరుగారు రైతుబిడ్డ. ధాన్యం తొక్కుకుంటూ ఎవరైనా పరిగెడతారా, కోనసీమలో చూపిస్తే నవ్విపోతారని కోప్పడ్డారట. చెప్పులు విప్పి, ఆఫీసు గచ్చు మీద ఈ చివర్నించి ఆ చివరికి కాళ్ళీడుస్తూ నడిచి, తిరగెయ్యడమంటే ఇదయ్యా అని చూపించేరట. వాళ్ళు అలాగే మార్చేరు.

కోర్టులో వేసేరు. బొమ్మకి పచ్చచీర. చెవి దగ్గర ఫోను. చూడలేననుకున్నాను, చూసేను. కారు అల్లంత దూరాన కల్వర్టు దాటింది. మీ అక్క ధాన్యంలో నడుస్తోంది. చివర్లో ఒక్క అడుగు పక్కకి వేసింది.

మేజిస్ట్రేటుగారు మళ్ళీ వెయ్యమన్నారు. మధ్యలో ఆపించేరు.

"కల్వర్టు దగ్గర్నుంచి మాకు ఆవిడ కనిపిస్తూనే ఉందండీ. మీ వాడికెందుకు కనిపించలేదు?"

లాయరుగారు కాగితాలు తిరగేసేరు. మన సర్కారు వకీలుగారు ఇంక వాదించక్కర్లేకపోయింది.

నిన్న తీర్పు. శిక్ష పడింది. ఫోను ఉన్నా లేకపోయినా, మనిషి కనిపిస్తున్నప్పుడు బ్రేకు వెయ్యాల్సింది నడిపేవాడేనని రాసేరు. ఆ మాట నీకోసం రెండుసార్లు చదివించుకున్నాను.

ఈ వానాకాలం సార్వా ధాన్యం రోడ్డెక్కించలేదు. కొబ్బరితోటలో టార్పాలిన్లు పరిచేను. నీడ ఎక్కువ, నెమ్మదిగా ఆరుతోంది. ఆరుతుంది.

ఇట్లు,
మీ బావ,
రామలింగేశ్వరరావు

తా.క.: పైన రాయలేకపోయేను. ఆ ఫోను మీ అక్క దగ్గర లేదు. ఇంట్లో ఛార్జింగులో ఉంది. సాక్ష్యంలో చెప్పేను గానీ, మొగుడి మాటేగా అని లాయరు కొట్టిపారేసేరు. అది మోగితే లేచింది నేను. నీ పేరు చూసి, మీ అక్కకిద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి అప్పటికే రోడ్డు మీద జనం. నీ ఫోను తనకి వినబడనే లేదమ్మా.

మీ అక్క నంబరు తీసెయ్యలేదు. ఈసారి మోగితే నేనే తీస్తాను.