నాలుగు రోజులు మోగని అలారం

అమ్మకు,

పెద్దది నమస్కరించి రాస్తున్నది. బుధవారం సాయంత్రం ఐదూ ఇరవైకి ఇక్కడ ఇద్దరం క్షేమం. క్షేమానికి కూడా టైము వేస్తారా అని నవ్వుతావేమో. ఎందుకు వేశానో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. మీ సొరంగం పని క్యాంపుకు సామాన్లు తెచ్చే వ్యాను రేపు పొద్దున ఎనిమిదింటికి బయలుదేరుతుందట. అక్కడికి ఫోను అందదు, పదిహేను రోజులకొకసారి వచ్చే బండి కాబట్టి ఇది ఇవాళే ముగించాలి. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పన్ను పీకించుకున్నాను, నొప్పి లేదు. వంటగది కిటికీకి కొత్త గడియ బిగించాను. రెండు స్క్రూలు వంకరపోయాయి, మూడోది నిలిచింది. చిన్నది పొద్దున సరిగ్గా తింటోందా అని అడిగావు. తింటోంది, సణుగుతూనే. ఏం తిన్నదో, ఎంత తిన్నదో నేను నోటు పుస్తకంలో రాసుకుంటుంటే నిన్న ఏమన్నదో తెలుసా? "అక్కా, నువ్వు నాకు అన్నం పెట్టట్లేదు. డేటా ఎంట్రీ చేస్తున్నావ్."

"కంప్యూటరును మళ్లీ ఏం చేశావు?" అని కూడా అడిగావు. నాన్న కొన్న పాత కంప్యూటరులో పోయిన నెల కొత్త సిస్టమ్ వేశాను. అది లేచి కూర్చుంది, ప్రింటరు మంచం పట్టింది. రెండు రోజులు బతిమాలాక కదిలింది కానీ ఇప్పటికీ ప్రతి పేజీ చివరి లైను మింగేస్తోంది. బాగున్నదాన్ని బాగుచేయడం నీకొక జబ్బు అని నువ్వు ఎప్పుడూ అనేదానివి. అప్పుడు నవ్వేదాన్ని.

నీ ఉత్తరం చివర ప్రశ్న కానిది ఒకటుంది. దానికే జవాబు రాయలేక కాగితాలు చింపాను. "నాలుగు రోజులుగా చిన్నదాని అలారం ఒక్కసారి కూడా మోగలేదని రాశావు. ఆ వాక్యం మూడుసార్లు చదువుకున్నాను. ఇక్కడికి వచ్చాక మొదటిసారి కంటినిండా నిద్రపోయాను" అని రాశావు.

అమ్మా, అలారం మోగలేదన్నది నిజం. చిన్నదానికి బాగుండి మోగలేదని కాదు.

నేను ఆ ఉత్తరం రాయడానికి ముందు శనివారం, నా ఫోనులోకి కొత్త వెర్షన్ ఎక్కించాను. కంపెనీవాళ్లు దాన్ని అందరికీ ఇంకా ఇవ్వలేదు. సరదా ఉన్నవాళ్లు ముందుగా వేసుకుని, తప్పులుంటే చెప్పమని ఇచ్చినది. ఎక్కించాక అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. బ్యాటరీ రెండు రోజులు నిలిచింది. చేతిలో కొత్త పుస్తకం ఉన్నంత సంబరపడ్డాను. ఆ బ్యాటరీ ఎలా మిగిలిందో తర్వాత తెలిసింది. మనం తెరవని ప్రోగ్రాములన్నిటినీ అది నిద్రపుచ్చుతోంది. చిన్నదాని షుగరు చూసే ప్రోగ్రాము నేను తెరిచేది ఎప్పుడు? అది మోగినప్పుడే కదా.

చిన్నదాని నడుముకు కట్టిన పెట్టెకు గొంతు లేదు, నీకు తెలిసిందే. షుగరు లెక్క నా ఫోనుకు పంపడం వరకే దాని పని. మోగవలసింది నా ఫోను. స్కూలు ఆఫీసుకు చెప్పవలసింది నేను.

నీకు రాసిన ఉత్తరం వ్యానెక్కిన రోజే, గురువారం, మూడో పీరియడు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఫోను మోగింది. అలారం కాదు, చిన్నదాని డ్రిల్ టీచరు.

"మీ చెల్లెలు రిలే పరుగులో పడిపోయిందండీ. కళ్లు తెరుస్తోంది, మాట ముద్దగా వస్తోంది. నడుము సంచిలో ఉన్న గ్లూకోజు చిగుళ్లకు రాశాం. ఎప్పుడూ మాకన్నా ముందు మీరే ఫోను చేస్తారు కదా, ఇవాళ చెయ్యలేదేమిటి?"

వేలితో ఆ ప్రోగ్రాము తెరిచాను. తెరవగానే అన్నాళ్లూ లోపల బిగబట్టుకున్న అలారాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి. ఏడు. ప్రెస్సులో అందరూ తలలెత్తి చూశారు. తెరమీద చివరి అంకె నలభై ఎనిమిది, డెబ్బైకి తగ్గకూడనిది. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి అది నీళ్ల కుళాయి దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. మూతి నిండా గ్లూకోజు. నన్ను చూసి, "చెప్పులేవీ?" అంది. ఆ ఒక్క మాట స్పష్టంగా వినబడింది. దాని పక్కనే కూలబడ్డాను. డాక్టరు చూశారు. ప్రమాదం దాటిందన్నారు. నువ్వు ఇది చదివే చోట ఒకసారి ఊపిరి తీసుకో.

మిగతా ఆరు అలారాలూ ఎప్పటివని ఆ సాయంత్రం దాన్ని అడిగాను.

"మధ్యలో ఒకట్రెండుసార్లు కాళ్లు వణికాయి. బిస్కెట్టు తిన్నాను."

"నాతో చెప్పలేదేం?"

"నువ్వేమీ అనలేదు కదా. నువ్వు అరవలేదంటే నాకు బాగున్నట్టే అనుకున్నా."

నేనేమో ఫోను ఊరుకుందని ఊరుకున్నాను. అది నేను ఊరుకున్నానని ఊరుకుంది. నువ్వు నా వాక్యం నమ్మి నిద్రపోయావు.

క్యాంపు ఆఫీసు వైర్‌లెస్‌కు కబురు పెడదామని డ్రిల్ టీచరు అన్నారు. నేనే వద్దన్నాను. చిన్నది కూడా, "అమ్మకు రాయకు. వచ్చేస్తుంది. వస్తే నా రిలే ఆగిపోతుంది" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది చిన్నదానికి కూడా తెలియదు.

కొత్త వెర్షన్ వల్ల ఇలా జరిగిందని చెబితే డ్రిల్ టీచరు, "ఇలాంటివి ముందే రాసి ఉంచరా అండీ?" అని అడిగారు. రాసి ఉంటారేమో, నేను చదవలేదు అన్నాను. అబద్ధం. మందు చీటీని కూడా నవలలా చదువుతానని నన్ను వెక్కిరిస్తావు కదా, నేను చదవకుండా ఉంటానా? తెలిసిన లోపాలు అని ఒక జాబితా ఇచ్చారు. పదిహేడో లైనులో ఉంది: కొన్ని హెచ్చరికలు మోగకపోవచ్చు. చదివాను. కొన్ని అంటే మనవి కావులే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే అది నా చేతిలో ఉండాలని ఎంత ఆశ పడ్డానంటే, ఆ లైను దాటి కిందికి వెళ్లి నొక్కేశాను.

కాన్వెంటు స్కూల్లో సిస్టరు చెప్పేవారు, తప్పు ఒప్పుకునేటప్పుడు కారణాలు తగిలించవద్దని. తగిలించను.

పాత వెర్షనే మళ్లీ వేశాను. ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి అలారం హద్దును కావాలని పైకి జరుపుతాను. చిన్నదాని అంకె ఎంతున్నా మోగి తీరాలి. మోగాక హద్దును మళ్లీ డెబ్బైకి దించి, సరిగ్గా దిగిందో లేదో ఇద్దరం చూస్తాం. మోగితేనే స్కూలు. "సుప్రభాతం అయిందా తల్లీ, బడికి పోవచ్చా?" అని అది రోజూ ఎగతాళి చేస్తుంది. అయినా ఏడు కాకముందే వచ్చి నా పక్కన నిలబడుతుంది. కాళ్లు వణికితే నేను అరిచినా అరవకపోయినా నోరు తెరిచి చెప్పాలని ఒప్పందం.

ఆ లోపాలన్నీ సరిచేశాం, ఎక్కించమంటావా అని నిన్నటినుంచి ఫోను అడుగుతోంది. నా చెయ్యి ఇంకా దురద పెడుతోందమ్మా. నీ దగ్గర అదీ దాచను. ఇంకా నొక్కలేదు.

రిలే వచ్చే నెల మొదటి శుక్రవారం. దాన్ని పరుగెత్తనివ్వమంటావో, వద్దంటావో రాయి. నేను ముగింపు గీత పక్కనే నిలబడతాను. నువ్వు వచ్చేస్తానంటే కాదనను. నువ్వు వస్తే ఆ సొరంగంలో దెబ్బ తగిలినవాళ్లకు కట్టు కట్టే చెయ్యి ఉండదని తెలుసు. వ్యాను తిరిగి వచ్చేటప్పుడు అందులో నువ్వుంటావేమోనని భయంగా ఉంది. ఉండవేమోనని కూడా.

చిన్నది పక్కగదిలో లెక్కలు చేసుకుంటోంది. ఇప్పుడే ప్రోగ్రాము తెరిచి చూశాను, లేచి వెళ్లి దాని ముఖం కూడా చూసి వచ్చాను. ఆరూ పది. నూట ఆరు. ఇప్పటికి ఇద్దరం క్షేమం.

ఇట్లు,
నీ నిద్ర పాడుచేసిన
పెద్దది