బావిని పూడ్చొద్దు

నాన్నా, బావి పూడ్పించే పని వెంటనే ఆపమని చెప్పడానికే ఈ కార్డు రాస్తున్నాను. చెల్లి మెల్లగా చదివి వినిపించాలి.

నువ్వు పంపిన నీళ్లలో పురుగుమందు ఉందని పోయిన వారం చెప్పాను కదా. నిన్న ఆ ఫలితం చూసి మా ప్రయోగశాల మేడమ్, "ఏమ్మా, బావి మీద నేరం మోపేశావు, మరి సీసాని అడిగావా?" అన్నారు. ఆ సీసానే బాగా కడిగి, ఇక్కడి శుద్ధమైన నీళ్లు పోసి, అణువుల బరువు తూచే మా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూశాం. కడిగినా అదే మందు మళ్లీ కనబడింది. ఆ సీసాలో ఇదివరకు ఏముండేది? ఉన్నదున్నట్టు చెప్పు, కోప్పడను.

బావి మంచిదని కూడా ఇప్పుడే అనలేను. సంగతి తేలేవరకు వీధి కుళాయి నీళ్లే తాగండి. కొత్త గాజు సీసాలు రెండు కొని, ఒకదాంట్లో బావి నీళ్లు పట్టు, రెండోది ఖాళీగానే పంపు. ఖాళీ సీసా పంపడమేమిటని అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. తన మోకాలి నొప్పి తగ్గిందా?

చేతులు కాయలు కాచేలా నువ్వు తవ్విన బావి. దాని మాటా విందాం. ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయించు.

నీ పెద్దమ్మాయి