తెర మీద నాయన పేరు

ఎమ్మిగనూరు,
14 నవంబరు 1987.

మహమ్మద్ అలీ అన్నకు,

నీ చెల్లెలు జమ్రుద్ సలాం చెప్పి రాస్తున్నది. మేమంతా బాగున్నాం, మీరంతా బాగున్నారని తలుస్తాను. మర్యాద ఇంతటితో అయిపోయింది. ఇక కోపం మొదలుపెడుతున్నాను, కూర్చుని చదువు.

మొన్న చిన్నాన్న కూతురి పెళ్ళిలో భోజనాలయ్యాక నువ్వు మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నావు. మన జమ్రుద్ మొట్టమొదట సినిమాకు పోయినప్పుడు తెర మీద నాయన పేరు చదివి, నాయన సినిమాలో వేసినాడనుకుని చప్పట్లు కొట్టింది అని. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నువ్వు చేతులు తిప్పుతూ, నా చిన్నప్పటి ముద్దుమాటలు కూడా కలిపి చెప్తుంటే ఎవరికైనా నవ్వు వస్తుంది, కాదనను. కానీ నువ్వు ప్రతిసారీ చప్పట్ల దగ్గరే ఆపుతావు. అమ్మ అక్కడే ఒక మూల తమలపాకులు తుడుస్తూ కూర్చుని ఉంది. నీ కథ అయ్యేదాకా తల ఎత్తలేదు. నేను చూశాను. నీకు చూసే తీరిక ఎక్కడిది?

నువ్వు మింగేసిన సగం నేను రాస్తాను.

1971, మంచి ఎండాకాలం. నాకు ఎనిమిదేళ్ళు, నీకు పదకొండు. నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఆస్పరి వైపు పల్లెలకు పోయాడు. పరుపుల పని మీద పోతే రెండు మూడు రోజులు తిరిగి వచ్చేవాడు కాదు. పక్కింటి లక్ష్మక్క అమ్మ వెంట పడింది. "ఒగ తూరి సూడు అక్బర్‌బీ, కండ్లుండేది ఎందుకు మల్ల" అంది. కాపురానికొచ్చి అన్నేళ్ళయినా అమ్మ సినిమా హాలు గోడల్ని బయటి నుంచే చూసింది. అది నాకూ నీకూ మొదటి సినిమా అని చెప్తావే, అమ్మకూ అదే మొదటిది. ఆ మాట నీ కథలో ఎన్నడూ రాదు.

టికెట్లు చింపేవాడు నిన్ను చూసి, "ఇంత మగోడు ఆడోళ్ళ పక్క యాడ కూసుంటాడు" అని మధ్యలో ఉన్న మొండిగోడకు అవతల, మగవాళ్ళ నేలకు తోలాడు. మేము ముగ్గురం ఇవతల చాప పరుచుకుని కూర్చున్నాం. దీపాలు ఆర్పగానే నేను అమ్మ ఒళ్ళో దూరాను. అమ్మ నన్ను పట్టించుకుంటేగా. నోరు తెరుచుకుని చూస్తోంది. తెర మీద ఒకామె తిరునాళ్ళలో బిడ్డ తప్పిపోయి వెతుక్కుంటుంటే, "ఆడుండాడు సూడమ్మా, బండి కింద" అని పైకే చెప్పింది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. తనూ నవ్వింది. ఇంట్లో అమ్మను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే బొమ్మ మీద అక్షరాలు పడ్డాయి. గాజుపలక మీద సిరాతో రాసి వేసే స్లయిడు. "పరుపుల గఫూర్ సాబ్ ఇంటివారు వెంటనే బయటికి రావలెను." నాకు అప్పుడే వత్తులు పట్టుబడ్డాయి. గట్టిగా చదివాను, నాయన పేరు అంత పెద్దగా కనపడేసరికి చప్పట్లు కొట్టాను. నీ కథ ఇక్కడితో సరి.

ఆ రోజుల్లో మన ఊళ్ళో స్లయిడు ఎందుకు వేయించేవాళ్ళు? ఇంట్లో ఎవరైనా చనిపోతేనో, ప్రాణం మీదికొస్తేనో. ఆ సంగతి తెలియని మనిషి లేడు. హాలహర్విలో అమ్మ తల్లి, మన అవ్వ, ఆ నెలంతా మంచంలోనే ఉంది. నేను చదివింది వినగానే అమ్మ "అమ్మా" అని ఒక్క కేక పెట్టి లేచింది. చెప్పులు వదిలేసి, చీకట్లో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ, గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. ఆడవాళ్ళంతా అయ్యో అంటూ దారి ఇచ్చారు. లక్ష్మక్క నన్ను చంకన వేసుకుని వెనకాల వచ్చింది. గేటు బయట నాయన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. పల్లెల్లో పని దొరక్క ముందే వచ్చేశాడట, ఇంటికి తాళం చూసి, సినిమాకు పోయామని వీధిలో విన్నాడట.

"ఎవురు పోయినారు? మా అమ్మేనా?" అని అమ్మ అడిగింది.

"ఎవురూ సావలేదు. నా మానం సచ్చింది" అన్నాడు నాయన.

అమ్మ వీపు నా వైపు ఉంది. ముసుగు కింద భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంత ఏడుపు నేను మళ్ళీ చూడలేదు. అట్లా ఏడుస్తున్న మనిషిని సోడా బండి దగ్గర, అంతమంది మగవాళ్ళ ఎదుట, నాయన చెంప మీద కొట్టాడు. తల్లి చచ్చిందని భయపెట్టి భార్యను బయటికి లాగిన మనిషిని ఏమనాలి? పోయినవాడు కనుక ఏమీ అనను. నిన్ను అంటాను. నువ్వు గోడ అవతల ఆఖరిదాకా కూర్చుని చూసి, ఇంటికొచ్చి వీధిలో పిల్లలను పోగుచేసి సినిమా కథ చెప్పావు. పిల్లవాడివి, పోనీలే అనుకున్నాను. ఇప్పుడూ పిల్లవాడివేనా?

జనవరిలో నా కాన్పు. అమ్మను పంపమని మనిషితో చెప్పి పంపితే "మా ఇంటి ఆడోళ్ళు బస్టాండులో నిలబడేది నాకు గిట్టదు" అన్నావట. వహీదా వదినను పుట్టింటికి పంపి ఎన్నాళ్ళయింది? నాయన పోయాడని ఎవరన్నారు? చొక్కా మార్చుకుని ఆ ఇంట్లోనే తిరుగుతున్నాడు.

అందుకే నిర్ణయించుకున్నాను. వచ్చే శుక్రవారం నేనూ మా ఆయనా ఆదోనికి వస్తున్నాం. అమ్మను తెచ్చుకుంటాం. ఇక ఆమె నా దగ్గరే ఉంటుంది. నువ్వు అడ్డం పడితే వీధిలో నిలబడి నీ కథలో మిగతా సగం గొంతెత్తి చెప్తాను. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా మింగకు.

కోపంలోనూ నీ చెల్లెలే అయిన
జమ్రుద్‌బీ



ఆదోని,
18 నవంబరు 1987.

జమ్రుదూ,

మీ అమ్మ అక్బర్‌బీ సెప్తాంటే వహీదా రాస్తాంది. సెప్పిన మాట సెప్పినట్టే రాయమన్నాను.

నీ జాబు అలీ నాకు సదివి వినిపీలేదు. మడిసి జేబులో పెట్టుకున్న్యాడు. వహీదా ఉతికేకి చొక్కా తీసినప్పుడు దొరికింది. రెండు తూర్లు సదివించుకున్న్యాను. ఒళ్ళు మండింది. మీ అన్న మీద మండేది పాతదే. ఈ తూరి నీ మీద గూడ మండింది.

ఆ పొద్దు నేను ఏడ్సినానని నీకెవురు సెప్పినారు? పరిగెత్తేటప్పుడు ఏడ్సినాను, నిజమే. ఎవురూ సావలేదని మీ నాయన అనేపాటికి, మా అమ్మ బతికే ఉండాదని నాకు నవ్వొచ్చింది. నడిరోడ్డు మీద, పండ్లన్నీ కనపడేట్టు నవ్వినాను. ఆపుకుందామన్నా ఆగలేదు. మీ నాయన తన మానం సచ్చిందంటాడు, నేను నవ్వుతాండాను. అందుకే కొట్టినాడు. సినిమాకు పోయినందుకైతే ఇంట్లో తిట్టి ఊరుకునేటోడు. కొట్టినాక గూడ నవ్వుతానే ఇల్లు సేరినాను. మర్సనాడు పొద్దున్నే మా అమ్మను సూసేకి హాలహర్వి బండెక్కినాను. ఆయప్పను అడగలేదు. అది మీ ఇద్దరికీ గురుతు లేదు.

మీ అన్న నవ్వించేకి ఒగ సగం ఎత్తుకున్న్యాడు. నువ్వు కొట్లాడేకి ఇంగో సగం ఎత్తుకున్న్యావు. పెండ్లిలో నేను తల ఎత్తలేదని రాసినావే, అది సిగ్గు కాదు, కోపము. అమ్మా, ఆ పొద్దు నీకెట్లుండె అని మీలో ఒగరన్నా అడిగినారా?

ఇంగ నన్ను తీసకపోతానంటివి. పంపనని వాడు, తీసకపోతానని నువ్వు. నేనేమన్నా పరుపునా, ఈ ఇంట్లోంచి ఎత్తి ఆ ఇంట్లో ఏసేకి? ఇన్ని కాగితాలు రాసినావు, వస్తావా అమ్మా అనే మాట యాడా లేదు. మీ నాయన గూడ అడగలేదు, బయటికి రావలెను అని రాయించినాడు. నువ్వూ అట్లనే రాసినావు.

నేను రాను. ఈడ వహీదా ఉండాది. నేనొచ్చేస్తే ఈ పిల్ల మీ అన్న కోపానికి ఒంటిగా దొరుకుతాది. ఈ మాట రాయనంటాంది, రాయమన్నాను. నీ కాన్పుకు మేమిద్దరమూ వస్తాము. బస్టాండులోనే నిలబడి వస్తాము. అలీకి ఆ సంగతి నేనే సెప్తాను, నువ్వు నడమ దూరొద్దు. శుక్రవారం వస్తే రా, తిని పో. అరిసేది మాత్రం వద్దు. అరిసే వంతు నాది.

మీ అమ్మ,
అక్బర్‌బీ వేలిముద్ర

వదినా, ఇది నేను సొంతంగా రాస్తున్నాను. అత్తమ్మ చెప్తుండగా మీ అన్న వచ్చి గడపలో నిలబడ్డారు. ఎవరికి రాస్తున్నావని నన్ను అడిగారు. అత్తమ్మ చెప్పడం ఆపలేదు. నేనూ రాయడం ఆపలేదు. నేను ఒంటిగా దొరుకుతానన్న మాట ఆయన వింటుండగానే రాశాను. ఉత్తరం పోస్టుడబ్బాలో వేయడానికి అత్తమ్మా నేనూ పోతున్నాం. ఆయన ఇంకా గడపలోనే ఉన్నారు. పక్కకు జరగమని అత్తమ్మ చెప్తున్నారు.

వహీదా