బస్సు ఇప్పుడు చౌకు దాకా రాదు

మేనల్లుడు నాగులుకు మామ దీవెనలు.

నేను బతికే ఉన్నాను. ఈ మాట ముందు మీ అమ్మకు చెప్పు.

జగదల్‌పూర్‌లో రోడ్ల మీద బండ్ల జామ్ తగ్గాలని బస్సులను ఊరి బయట కొత్త స్టాండులోనే ఆపుతున్నారు. తెలిసీ మీకు రాయలేదు, తప్పు నాదే. ఆదివారం అక్క అక్కడ దిగి, చూపు ఆనక, అదే ఊరి నడుమ నేను చీపుర్లు అమ్మే నాలుగు రోడ్ల చౌకు అనుకున్నది. "సింగా, ఏందిరా పలకవు?" అని పొద్దుగూకే దాకా పిలిచిందట. తమ్ముడు పోయాడనుకొని, నాకోసం సొరబుర్రలో తెచ్చిన జావను పోయినవాళ్ళకు పోసినట్టు నేల మీద పోసి, ఏడ్చుకుంటూ బస్సెక్కిందని ఆ స్టాండులోని చాయ్ కొట్టు ఆమె చెప్పింది.

కళ్ళ మందు ఉన్నదా, అయిపోయిందా? అక్కను ఒక్కదాన్ని పంపకు, నువ్వు తోడు రా.

చౌకు ఇప్పుడు ఖాళీగా బాగున్నది. నేను మాత్రం కొత్త స్టాండులోనే కూర్చుంటున్నాను. ఇక్కడ చీపుర్లు ఎవరూ కొనరు. మన వైపు బస్సు వచ్చినప్పుడల్లా లేచి, "అక్కా" అని నేనే పిలుస్తున్నాను.

పిల్లలకు ఆశీస్సులు.
మామ సింగయ్య