రాగి డబ్బాలో కూత

పెద్దసారుగారికి,

మీ దగ్గర పనిచేసే పిల్లకి అమ్మమ్మని. రాతలో తప్పులుంటే మన్నించండి.

కంటికి కనపడని చీకటి పదార్థం లోకమంతా నిండి ఉందట. అదంతా చెప్పలేనంత తేలికైన కణాలేమోనని మీరు వెతుకుతున్నారట. పెద్ద అయస్కాంతంలో రాగి డబ్బా పెట్టి, రేడియో తిప్పినట్టు తిప్పుతూ వింటారట. పోయిన వారం అందులో సన్నగా కూత వినపడిందట. అది ఆ కణాలదేనేమోనని అప్పట్నుంచి పిల్లకి తిండీ లేదు, నిద్రా లేదు.

మీ వాళ్ళు సరిగ్గా వింటున్నారో లేదో చూడటానికి మీరే అప్పుడప్పుడు చెప్పకుండా దొంగకూత పెడతారట కదా. "ఇది కూడా మీ సారు పెట్టిందైతేనో?" అన్నాను.

"కావచ్చు. ఎల్లుండి అందరిముందూ చెప్తారు. ముందే చెప్పేస్తే అదేం పరీక్ష, పిచ్చి అమ్మమ్మా!" అని నవ్వింది. నవ్విందేగానీ పెట్టిన కంచం పక్కకి జరిపేసింది.

వేరే ఊళ్ళో దానికి పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. ఇవాళే జవాబివ్వాలి. మీ దగ్గర పని ఈ ఏడాదితో సరి. కూత నిజమైతే మీరు పనిలో కొనసాగిస్తారని దాని ఆశ. ఆ ఉద్యోగం వదులుకున్నాక మీరు పెట్టిందని తేలితే ఇదీ ఉండదు, అదీ ఉండదు. అందుకే నిజమేమిటో నా ఒక్కదాని చెవిన వేయమని అడగడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంతలో అది వచ్చి, "ఆ ఉద్యోగానికి రానని చెప్పేశాను అమ్మమ్మా" అంది.

ఇక నాకేమీ చెప్పకండి బాబూ. నా మొహం చూసి ఇట్టే పట్టేస్తుంది. ఎల్లుండి మాత్రం నన్ను దాని పక్కన కూర్చోనివ్వండి. నేను దాని చెయ్యి పట్టుకున్నాకే నోరు విప్పండి.