ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుంటా

అన్నయ్యా,

ఈరోజు నీ సంవత్సరీకం. పార్సిప్పనీలో మా ఇంటికి నీ స్నేహితులంతా భోజనాలకొచ్చారు. హెల్త్ ఇన్సూరెన్స్ కొనకపోతే ఇక్కడి స్టేట్ గవర్నమెంట్ పెనాల్టీ వేయడం న్యాయమేనా అని వాదన మొదలైంది. ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్సూ పోయిన మా ఆయన గొంతు పెంచాడు.

"నా బాడీ, నా ఇష్టం. మధ్యలో గవర్నమెంట్‌కేంటి? ఏదైనా ఉంటే ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుంటా."

అచ్చం నీ మాటే. అందరూ అన్నం కలపడం ఆపేశారు.

ఆయన ఛాతీ రుద్దుకుంటూ లేచి, ఇండియా నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్ర కోసం డ్రాయర్ తెరిచాడు. నువ్వు చివరిసారి వేసుకున్నదీ ఆ మాత్రే.

"కార్ ఎక్కు," అన్నాను.

"ఇన్సూరెన్స్ లేదే!"

"ఎక్కు."

ఇప్పుడు ఎమర్జెన్సీ బయట కూర్చుని రాస్తున్నాను. బిల్లెంతవుతుందని లోపల నర్సుతో గొడవపడుతున్నాడు. పడనీ అన్నయ్యా, ఆ గొంతు ఆగకపోతే చాలు.